మూడో గుడిసె

భద్రాచలం రోడ్డుకు దగ్గర్లో, అడవంచు పొలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. డెబ్బై అయిదేళ్ల కిందట మిలిటరీ వచ్చి ఈ అడవిలో గూడేలు ఖాళీ చేయించిన వైనాన్ని పాత జీపులతో, లారీలతో, గుడారాలతో ఆడి చూపిస్తున్నారు. రెండు రోజుల వేడుక. టికెట్టు పెట్టాక వేడుకే అనాలి మరి. సాయంత్రం ఐదింటికి మూడు గడ్డి గుడిసెలు తగలబెట్టడంతో అది ముగుస్తుంది. దాన్ని నడిపిస్తున్న అనిల్‌కుమార్ దగ్గరికి పక్క గూడెం కన్నమ్మ, మనవరాలు వనజను వెంటబెట్టుకొని వచ్చింది.

"రెండు కాల్చుకో సారూ. మూడోది ఉంచు."

"పొద్దుట్నించి ఇదే మాట అవ్వా! మూడంటే మూడూ కాలాలి. పోస్టర్ మీద కూడా వేశాం."

"మూడోది ఉంచు. గా చింతచెట్టు దిక్కుది."

"ఎన్నాళ్లు ఉంచాలి?"

"వాన పడేదాక. మిరుగం కార్తె ఎంత దూరముంది, పది దినాలు. చూరు నీళ్లు కారినంక నేనే పీకేస్త."

"వాన పడితే నా లారీలు ఈ రేగడిలో దిగబడిపోతాయి. అందుకే రాత్రికల్లా అంతా ఎత్తేస్తున్నా. వనజా, నువ్వన్నా చెప్పమ్మా మీ అమ్మమ్మకి. అవునూ, నువ్వింకా తయారవలేదేం? నాలుగున్నరకి లారీ ఎక్కాలి. బొమ్మ ఇచ్చారా?"

"ఇచ్చిన్రు సార్."

"ఏదీ?"

"లారీల పెట్టిన."

"కాసేపు ఎత్తుకొని అలవాటు చేసుకోమన్నాగా. నిన్న ఒక కాలు పట్టుకొని వేలాడేశావు. జనం నవ్వారు. ఏ తల్లైనా అట్లా పట్టుకుంటుందా?"

"పట్టుకోదు సార్. బొమ్మ వేరేటోళ్లకు ఇయ్యిండ్రి. నేను బిందె మోస్త."

"ఇప్పుడు మార్పులేంటమ్మా! అసలే రిహార్సల్‌కి వారం రోజులు డుమ్మా కొట్టావు."

"దవాఖానల ఉన్న సార్."

"చెప్పారులే. ఇప్పుడు బాగానే ఉంది కదా?"

"బాగనే ఉంది సార్."

"దాన్ని ఇడిసిపెట్టు సారూ. నాతోటి మాట్లాడు."

"ఏం మాట్లాడను అవ్వా? కారణం చెప్పవు, ఉంచు ఉంచు అంటావు."

"గా చూరు కింద పసిగుడ్డును పెట్టినం."

"పెట్టడమేంటి?"

"పూడ్చినం."

"అక్కడా? ఆగాగు. మిలిటరీ వచ్చిన రోజుల్లోనా?"

"మిలిటరీ వచ్చినప్పుడు నాకు ఏడేండ్లు. మా తమ్ముడు పుట్టిండు, పోయిండు. చూరు కింద పెట్టినం. వాన రావాలె. వాన రాలే, మిలిటరీ వచ్చింది. ఇండ్లు కాల్చి మమ్మల్ని లారీ ఎక్కించిన్రు."

"ఇంత సంగతి కడుపులో పెట్టుకొని రెండు రోజుల్నించి నా చుట్టూ తిరుగుతున్నావా? ఇదే అవ్వా, ఇదే కావాలి మాకు. ఇవాళ మైకులో చెప్తావా నువ్వు? నీ మాటల్లోనే."

"చెప్ప."

"పోనీ నేను చెప్తా. అయితే చూరు కిందే ఎందుకు?"

"మా దాంట్ల గంతే. పసిగుడ్డు పోతే దూరం తీస్కపోరు. ఇంటి చూరు కిందనే పెడ్తరు. వాన పడ్డప్పుడు చూరు నీళ్లు దాని మీద పడాలె. పడితే ఆ తల్లి కడుపు మళ్ల పండుతది. పోయినోడే తిరిగొస్తడంటరు."

"మరి మీ అమ్మకి మళ్లీ పుట్టారా?"

"లే. చూరే లేకపాయె గద సారూ. తెల్లారితే ఆకాశం దిక్కు చూసేది. సచ్చేదాక చూసింది."

"అయ్యో. అడగలేదా మీవాళ్లు? ఆ ఒక్క ఇల్లన్నా వదిలెయ్యమని?"

"ఎట్ల అడుగుతరు? వాళ్ల భాష మాకు రాదు. ఇప్పుడంటే నీతోటి మాట్లాడొస్తుంది కాబట్టి అడుగుతున్న."

"సార్! మూడోదానికి కూడా కిరోసిన్ కొట్టేదా? టైమైతుంది!"

"ఆగు రామ్‌చందర్! ఒక్క నిమిషం... అవ్వా, నాకొకటి అర్థం కావట్లేదు. మీ పాత గూడెం వాగు అవతల కదా? మొన్న నువ్వే చూపించావు. లారీలు వాగు దాటవని నేనే కదా గుడిసెలు ఇటు వేయించింది?"

"అవ్. వాగు అవతలనే."

"మరి మీ తమ్ముడు ఇక్కడెట్లా ఉంటాడు?"

"తమ్ముడు ఆడనే ఉన్నడు."

"అయితే ఈ గుడిసె కింద ఉన్నదెవరు?"

"వాన పడేదాక ఉంచు సారూ. గంతే."

"గంతే అంటే కాదు. ఎవరున్నారు కింద?"

"నా బిడ్డ సార్."

"వనజా..."

"కొడుకు. పుట్టిన మూడో దినం పోయిండు. పేరు పెట్టలే ఇంకా."

"ఎప్పుడు?"

"నేను రిహార్సల్‌కు రాని వారం."

"బొమ్మ ఎత్తుకోమని నేను... ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా!"

"ఏం చెప్పాలె సార్. మీరు పిలిచిన్రు, వచ్చిన. బొమ్మ ఇచ్చిన్రు, తీసుకున్న."

"నీకు ఏడుపన్నా రావట్లేదేంటి?"

"వస్తలేదు సార్. అమ్మమ్మ గూడ అడిగింది."

"దానికి ఏం తెలుస్తలేదు సారూ. పెట్టింది తింటది, చెప్పిన కాడ కూసుంటది. నాకు దాని మీదనే భయం."

"సార్, జనాన్ని లోపలికి పంపమంటారా?"

"ఆగమన్నానా రామ్‌చందర్! అది కాదు వనజా, ఇది ఉత్త సెట్టు. వెదురు కట్టి గడ్డి కప్పాం, అంతే. ఇవాళ తగలబెట్టేదని మీ అందరికీ ముందే తెలుసు. తెలిసి తెలిసి ఇక్కడెందుకు పెట్టారమ్మా? మీ గూడెంలో అన్నీ మంచి ఇళ్లే కదా. నేనే చూశాను, కొత్తగా రంగులు కూడా వేశారు."

"అవ్ సార్. మంచిగనే ఉన్నయి."

"మరి మీ ఇంటి చూరు కిందే పెట్టుకోవాల్సింది."

"అన్నీ స్లాబులే సార్. వాన నీళ్లు పైపుల నుంచి మోరీలకు పోతయి. బిడ్డను ఎత్తుకొని ఊరంత తిరిగినం. చూరున్న ఇల్లు మీదొక్కటే."