మొగులయ్య ఇల్లు తప్ప

డెబ్బై మూడో సంవత్సరం. బీరంగూడ దాటాక ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఉన్న ఊళ్లో, బడి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు కార్డులు ముందేసుకుని కూర్చున్నారు. ఒకరు ఫ్యాక్టరీ దవాఖానా నర్సు నాగేశ్వరి, గుంటూరు నుంచి వచ్చిన మనిషి. రెండో ఆవిడ ఆ ఊరి మంత్రసాని మల్లమ్మ. ఆవిడతో పని పడని కొంప ఆ ఊళ్లో లేదు.

“ఇరవై రెండు పేర్లేనా మల్లమ్మా?”

“గంతే.”

“ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లు ఇరవై ముగ్గురని మొన్న నువ్వే అన్నావు.”

“అన్ననా? యాదికి లేదు.”

“నాకుంది. ఎవరిని వదిలేశావు?”

“ఎవల్ని ఇడ్వలే. జల్దీ కానియ్యి నర్సమ్మా, బర్రెకు గడ్డెయ్యాలె.”

“మొగులయ్య ఇల్లేది?”

“ఏ మొగులయ్య?”

“ఎంతమంది ఉన్నారేం? మా దవాఖానా గేటు వాచ్‌మన్. వాళ్ల కోడలికి ఎనిమిదో నెల, కాళ్లు రెండూ వాచిపోయాయి. నిన్న గేటు దగ్గర నన్ను ఆపి చెప్పాడు. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.”

“పెట్టుకున్నడా? మంచిగయింది.”

“అదేం మాట?”

“ఏం లేదు. ఫ్యాక్టరీ నౌకరే గదా వాడు. వాని బిల్ల మీద తీస్కపొమ్మను.”

“ఆ గుర్తింపు బిల్ల పెళ్లాం పిల్లల వరకే. కోడళ్లకు చెల్లదు. ఊరివాళ్లతో పాటు ఆ పిల్లకీ కార్డే దిక్కు.”

“గట్లనా.”

“ఇన్నాళ్లూ మా దవాఖానా మాదే, సంగారెడ్డి ఆసుపత్రి వాళ్లదే, పంచాయతీ సమితి వాళ్ల పాలపొడి వాళ్లదే. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ముగ్గురినీ ఒక్క కార్డు మీదికి తేవడానికి నా చెప్పులరిగాయి. మందు, పాలపొడి, నొప్పులొస్తే జీపు. కావలసింది కార్డు మీద ఊరి మంత్రసాని వేలిముద్ర, అంతే కదా.”

“గా వేలు నాదే గదా?”

“నీదే.”

“నాదే అయినప్పుడు నా ఇష్టం.”

“ఏం జరిగింది మల్లమ్మా?”

“నీకు తెల్వదా?”

“నేనొచ్చి ఏడాదే అయింది.”

“మూడేండ్లయితుంది. నా బిడ్డకు తొలుసూరు కాన్పు. పిల్ల అడ్డం తిరిగింది. ఊరందరికి పురుడు పోసిన, నా బిడ్డ కాడికొచ్చేసరికి నా చేతులు పని చెయ్యలే. మంచం మీద మోసుకొని మీ గేటు కాడికి తెచ్చినం. బిల్ల సూపియ్యి అన్నడు మొగులయ్య.”

“అల్లుడు ఫ్యాక్టరీలో పనే కదా?”

“పనే. గుత్తేదారు కింద మట్టి తవ్వేటోడు. గసుంటోళ్లకు బిల్ల ఎక్కడిది? సంగారెడ్డి తీస్కపోన్రి అన్నడు. ఎడ్లబండి కట్టినం. పటాన్‌చెరు దాటలే, పానం పోయింది.”

“అతనేం చేస్తాడు? అప్పటి రూలు అది.”

“రూలే, నేను కాదన్ననా? కాళ్లు మొక్కిన నర్సమ్మా. లోపలికి పోయి డాక్టరమ్మను జెర అడుగు, అంతే, వద్దంటే మర్లిపోతం అన్న. కుర్సీల నుంచి లేవలే. బీడీ ముట్టించుకున్నడు. ఇదే ఊరోడు. నా బిడ్డను బుడ్డగున్నప్పటి సంది సూస్తుండె.”

“ఆ కోపం ఆ కోడలి మీద తీర్చుకుంటావా? ఆ పిల్లేం చేసింది?”

“నా బిడ్డేం చేసింది?”

నాగేశ్వరి ముందున్న కార్డులు సర్దింది. మల్లమ్మే మళ్లీ అందుకుంది.

“దినాం ఆ గేటు ముంగటి నుంచే పోత. ఖాకీ బట్టలేసుకొని కూసుంటడు. కడుపుల మంట. వాని ఇంట్లకు గిసుంటి ఆపద రావాలె, వాడు నా గడపల నిలవడాలె అని మొక్కిన. వచ్చిండు మొన్న.”

“వచ్చాడా? ఏమన్నాడు?”

“ఏమంటడు? తువ్వాల చేతుల పట్టుకొని నిలవడ్డడు. నేను బియ్యంల రాళ్లు ఏరుకుంట కూసున్న. తల లేపలే. ఆఖరికి వాడే పోయిండు.”

“పాపం తగులుతుంది మల్లమ్మా.”

“తగలనీ.”

“నిన్న వాళ్లింటికి వెళ్లి, పేరైనా అడగకుండా ముందు ఆ పిల్ల బీపీ చూశాను. ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. నువ్వు వేలు వెయ్యకపోయినా నేనే ఎలాగోలా లోపలికి పంపిస్తాను.”

“ఎట్ల పంపుతవ్? నా వేలు లేని కార్డుకు వాడే గేటు తెరువడు. రూలు మనిషి గదా.”

“నీకు దణ్ణం పెడతాను.”

“నువ్వెందుకు మొక్కుతవ్ తల్లీ, నీ తప్పేముంది.”

మల్లమ్మ కార్డుల కట్టను వేలితో తిరగేసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

“సోమవారం గీ కార్డులోళ్లు దవాఖానకు పోయినప్పుడు గేటు కాడ వాడే ఉంటడా?”

“అతనే. కార్డులన్నీ అతని చేతికిస్తాం. ఒక్కో కార్డు చూసి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికిన మనిషిని లోపలికి పంపుతాడు.”

“గట్టిగనే పిలుస్తడా?”

“లైను చివరి వరకూ వినపడాలి కదా. ఎందుకు?”

“లైన్ల ఊరంత ఉంటది.”

“ఉంటుంది.”

“అయితే రాయి.”

“నిజంగానా?”

“రాయమంటున్న గదా. మొగులయ్య ఇల్లు. పెంటమ్మ.”

“పెంటమ్మ. వయసు?”

“పందొమ్మిది.”

“నెల నాకు తెలుసు. ఇదిగో, వేలు ఇక్కడ పెట్టు. ఇంకొంచెం నొక్కు. హమ్మయ్య. నీ మనసు మంచిదే మల్లమ్మా, ఊరికే భయపెట్టావు. పెంటమ్మంటే, ముందు పుట్టినవాళ్లు దక్కలేదేమో వాళ్ల అమ్మకి. మా వైపూ అంతే, పుట్టగానే చాటలో వేసి పెంట మీద పడుకోబెడతారు.”

“ఇద్దరు దక్కలే. మూడోదాన్ని నేనే పెంట మీద పండవెట్టిన. గట్టిగ ఏడ్చింది. బతికింది.”

“నువ్వా? మొగులయ్య కోడలిది హత్నూర కదా. ఆ పిల్ల పుట్టినప్పుడు నువ్వెక్కడున్నావు?”

“మొగులయ్య కోడలి పేరు అంజమ్మ. పెంటమ్మ నా బిడ్డ.”

“మల్లమ్మా, చచ్చిపోయిన పిల్ల పేరు మీద కార్డేమిటి? చింపేస్తాను దీన్ని.”

“చింపుకో. ఇంకో కార్డుకు నేను వేలు పెట్టను. అంజమ్మకు నేను చెప్త, గా పేరుకే పలుకుమని. ఊరంత ఇనంగ మూడుసార్లు, వాని నోటితోనే వాడు నా బిడ్డను లోపలికి రమ్మనాలె. అప్పుడే వాని కోడలు లోపలికి పోతది.”