సవతి బిళ్ళ

హోసూరు, 2007. స్కానింగు సెంటరులో బట్టలు మార్చుకునే గది. వేప్పనపల్లి నుంచి వచ్చిన మంజులమ్మ, హోసూరులో ల్యాబు పని చేసే ఆమె చెల్లెలు లక్ష్మీప్రియ మాట్లాడుకుంటున్నారు.

"కమ్మలు తీసినాను, గాజులు తీసినాను, తాళి కూడా తీసి నీ చేతికిచ్చినాను గదా పాపా. ఇంగ ఇదొక్కటి వదిలెయ్."

"సవతి బిళ్ళ కూడా తీయల్ల అక్కా. ఆ మిషను పెద్ద అయస్కాంతం. ఒంటి మీద లోహమనేదే ఉండకూడదు."

"తాళి తీసినా మీ బావ ఏమీ అనుకోడు. ఇది తీస్తే నాగవేణి ఊరుకోదు."

"నాగవేణి చచ్చిపోయి ఎన్నేండ్లయింది!"

"మొదటి పెండ్లాం చచ్చిపోయింది గాబట్టే గదా, రెండోదాన్నని ఆమె ముఖం బిళ్ళ మీద చెక్కించి నా మెడలో వేసినారు. పసుపూ కుంకుమా నాకంటే ముందు ఆమెకే. కొత్త చీర ఆమె ముందర పెట్టినాంకనే నేను కట్టుకునేది. పోయిన మామిడికాయల కాలంలో కొక్కెం ఊడిపోయిందని దీన్ని నగలు చేసే ఆచారి దగ్గర పెట్టినాను. ఆ వారమే నాకు రక్తంతో గుడ్డలు తడవడం మొదలు."

"ఊరికే అట్ల కలిసొచ్చింది, అంతే."

"నీకేం తెలుసు? నేను అన్నం తింటా ఉంటే ఎదురుగా కూర్చుంటాది. ఏమీ అనదు. చూస్తానే ఉంటాది."

"అందుకేనా, క్యాన్సరని తేలినా రేడియేషను కరెంటు పెట్టించుకోను అంటా ఉండావు?"

"ఆమె కాపురం ఆమె వెనక్కి తీసుకుంటాది. బెంగుళూరుకు పోయి కరెంటు పెట్టించుకుంటే వదిలేస్తాదా? ఈ స్కానింగుకు కూడా నువ్వు ఏడిస్తే వచ్చినాను. ఆ సంగతి వదులు. నీ పెండ్లి మాట చెప్పు."

"ఇప్పుడు నా పెండ్లి ఏమిటికి?"

"ఏమిటికంటే... మా పిల్లోడు రక్షిత్ నీ దగ్గరైతేనే అన్నం తింటాడు. చిన్నదానికి నువ్వే జడ వెయ్యల్లంట."

"పిన్నమ్మను గదా, అడగతారు."

"నేనూ అదే అనేది. మీ బావ కోపం లేని మనిషి. తాగడు. చెయ్యెత్తడు."

"ఎవరు కాదన్నారు? సంచి ఇట్లియ్యి, నగలు అందులో వేస్తాను."

"సంచి ముట్టుకోవద్దు!"

"ఏముంది అందులో?"

"ఏమీ లేదు. అది గాదు, టెస్టుకని నా ఒంట్లో ముక్క తీసి బెంగుళూరుకు పంపించినారు గదా, ఏమొచ్చింది? నువ్వు చూసినావు. చూసినప్పటి నుంచి నా ముఖం చూడకుండా తిరగతా ఉండావు."

"డాక్టరమ్మ చెప్తాది."

"నువ్వు చెప్పు."

"క్యాన్సరే అక్కా. గర్భసంచి మూతి దగ్గర. ఎంత దూరం పోయిందో చూసేదానికే ఈ స్కానింగు. ముదిరినట్ల లేదంటా ఉండారు. కరెంటు పెడితే నయమవ్వొచ్చు."

"అది ఎట్లొచ్చింది?"

"వైరస్సు. మన ఒంట్లో కణాలు ఇష్టమొచ్చినట్ల పెరగకుండా ఆపే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. తోపుకు మన కదిరప్ప కావలి ఉన్నట్ల. ఈ వైరస్సు దూరి కావలోళ్ళ చేతులు కట్టేస్తాది. పి సిక్స్‌టీన్ అని ఇంకొక కావలోడుంటాడు. వాడు అరస్తానే ఉంటాడు, వాడి మాట వినేవాళ్ళుండరు. నీ ముక్కకు రంగేస్తే వాడే నిండా అగుపించినాడు. అట్ల అగుపిస్తే వైరస్సు పనే అని గుర్తు. వైరస్సు టెస్టులో కూడా ఉందనే వచ్చింది."

"అయితే నాగవేణి కాదంటావు."

"కాదు."

"మరి యాడ నుంచొచ్చింది? నీళ్ళలోనా?"

"శానా మందికి వస్తాది. దానంతట అదే పోతాది. కొందరికే నిలబడిపోతాది."

"యాడ నుంచి అని గదా అడిగినాను."

"నర్సమ్మ పిలిచేస్తాది, బిళ్ళ తియ్యి ముందు."

"పాపా."

"మొగుడూ పెండ్లాల మధ్య వస్తాది."

"నేను మీ బావను తప్ప..."

"నాకు తెలుసక్కా. బావ చెడ్డోడని కూడా చెప్పడం లేదు. మగవాళ్ళకు ఒంట్లో ఉన్నట్లే తెలీదు. ఏండ్లూ ఏండ్లూ గమ్మునుంటాది. ఆయనకు ఎప్పుడొచ్చిందో, ఎట్లొచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"నాగవేణి ఎట్ల పోయిందో తెలుసా నీకు?"

"ఏదో దయ్యం పట్టిందని గదా అన్నారు."

"మా అత్త మునివెంకటమ్మ ఒకే ఒకసారి చెప్పింది. గుడ్డలు ఉతికింది ఆమే గదా. దినామూ రక్తమంట. వాసనంట. పక్కకు ఎవరూ పోలేదంట. దయ్యమని చెప్పి వేపమండలతో కొట్టినారంట. కొడతా ఉంటే అరవను కూడా లేదంట. చూస్తానే ఉన్నిందంట."

"అక్కా, వద్దు."

"నాకొచ్చిందే గదా ఆమెకూ వచ్చింది?"

"టెస్టు చెయ్యకుండా చెప్పకూడదు. ఆమెకు ముక్క తీసినోళ్ళు యాడుండారు?"

"ల్యాబు మాటలొద్దు. నా చెల్లెలుగా చెప్పు."

"అదే అయ్యుంటాది."

"ఇన్నేండ్లు ఆమెకు భయపడినాను పాపా. అన్నం ముందర కూర్చుని తిట్టుకున్నాను, నా కాపురం మీద నీకేమిటికి కన్ను అని. నన్ను తీసకపోయేదానికి కాదేమో ఆమె వచ్చేది. చెప్పేదానికేమో."

"ఏడవద్దు. ఒళ్ళు కదిలితే స్కానింగు సరిగా రాదు."

"ఏడవలేదు. ఇంకొకటి చెప్పు. రేపు మీ బావకు ఇంకొకామె వస్తే? ఆమెకూ ఇట్లే అవుతాదా?"

"అవ్వచ్చు. అవ్వకపోవచ్చు. ఇంకొకామె ఎవరు?"

"కొక్కెం తియ్యి. నాకందడం లేదు."

"తీస్తాను, మెడ వంచు. ఆ... వచ్చింది. చూసినావా, ఏమీ కాలేదు. ఇంగ సంచి ఇస్తావా?"

"ఇప్పుడు తీసుకో."

"ఇదేంది, పసుపు గుడ్డలో ఇంకొక బిళ్ళ ఉండాదే? కొత్తది. ఇది నాగవేణి ముఖం కాదే... అక్కా, ఇది నువ్వు!"

"నీ మెడకని చేపించినాను పాపా. నేను పోయినాంక మీ బావకూ పిలకాయలకూ నువ్వే అని. అమ్మ కూడా ఒప్పుకుంది."

"అక్కా..."

"నర్సమ్మ పిలస్తా ఉంది. బెంగుళూరు డాక్టరుకు ఫోను చెయ్యి, కరెంటు ఎన్ని దినాలైనా పెట్టించుకుంటాను. నా ముఖముండేది ఆచారికిచ్చి కరిగించెయ్. నాగవేణిని మాత్రం జాగర్తగా పట్టుకో, బయటికొచ్చి మళ్ళీ వేసుకుంటాను."