తల్లి ఫైలు

హలో… ఆ, నేనే, అనసూయనే. … సారంగపాణన్నా! పట్నంకెల్లి ట్రంక్ కాల్ అనంగనే భయపడ్డ. పాషాభాయ్ ప్రెస్ల ఉంటనని ఎట్ల తెల్సింది? … ఆ, శనివారం ఒంటిపూట బడేగదా. సీదా ఈడికే వచ్చిన.

జర గట్టిగ మాట్లాడు… ఆ, ఇప్పుడు మంచిగ ఇనబడ్తాంది.

అచ్చయిన ఫారాలన్నీ ముట్టినయా? … తడవలేదుగదా? కాజీపేటల పార్సిలు ఎక్కిచ్చేటప్పుడు వాన పడ్తాండె. అప్పటిసంది నాకు అదే ఫికరు. … అమ్మయ్య.

నవ్వకు. చేతిపనుల మాటలన్నీ ఏరి కూర్చిన అంత పెద్ద పుస్తకానికి ఫికరు ఉండదా? … ఆ, యాదికుంది. మొదట్ల అంతా ఒక్క కట్టనేనాయె. సాలె పనిల ఒక్క మాట కలిపితే ఎనుక కుమ్మరి, వడ్రంగి అన్ని పుటలు జరుగుడే. పాషాభాయ్ చేతులెత్తేసిండు… అవును, పనికొక ఫైలు అన్నది నేనే. అన్నిటికి కలిపి ఒక తల్లి ఫైలు. ముఖపత్రం, ముందుమాట, ఏది ముందు, ఏది ఎనుక, అంతా దాంట్లనే. నీ దగ్గర పైలంగున్నదిగదా? … మంచిది.

సరే, సంగతేంది?

…

'చూడుము' అన్నకాడనా? … 'పురుడు పని చూడుము' అని ఆ అధ్యాయం దిక్కు చూపేటివా? ఆ, శానా ఉన్నయి. వడ్రంగి పనిల 'తొట్టె' కాడ ఉన్నది. అడవి పనిల బాలింతకు పెట్టే ఆకుల కాడ. కుమ్మరి పనిల గూడ ఉండాలె… ఎందుకు, పుట నంబర్లు ఎయ్యాల్నా? అయితే ఆగాలె. పురుడు పని ఇంకా అచ్చెక్కనేలేదు. ఆఖరి ప్రూఫు నీ దగ్గరనే ఉన్నది, నువ్వు చూసి పంపితే పాషాభాయ్—

ఏంది?

'చూడుము'లు కొట్టేసుడేంది? … అచ్చయిన పుటలల్ల ఎట్ల కొట్టేస్తవన్నా? … తప్పొప్పుల పట్టికలనా? "ఈ చూడుములు తీసి చదువుకొనగలరు" అనా?

మరి చదివేటోడు పురుడు పని ఎట్ల దొరికించుకోవాలె?

…

లేదా?

పుస్తకంలనే లేదంటే ఏంది? … మళ్ళ చెప్పు.

…

ఎప్పుడు తీసేసిన్రు?

… ఆగు, ఆగు. పెద్దలంటే ఎవరు? పుస్తకం ఏపిస్తాన్న సంస్థ పెద్దలా? … మంత్రిగారి చేతుల పెట్టే పుస్తకంల ఆ మాటలు ఉండొద్దా? … మాయ, ఉమ్మనీరు అనేటివి బూతులా అన్నా? వాళ్ళు యాడికెల్లి వచ్చిన్రు మరి? తల్లి కడుపుల లేరా?

… నేను ఒర్లుతలేను. అడుగుతాన్న.

నువ్వేమన్నవ్? వాళ్ళు వద్దన్నప్పుడు నువ్వు ఏమన్నవో అది చెప్పు. … "గట్టిగనే వాదించిన." … మొన్న బేస్తారంనాడా? వాదించినంక గూడ ఒప్పుకోలేదా?

— పాషాభాయ్, ఏంది? … లేదు, చెప్పుండ్రి. నేను మాట్లాడేది సారంగపాణన్నతోనే, ఫోన్ల ఉన్నడు. … ఏమని జాబు రాసిండు? … ఎప్పుడు? … దసరాకు ముంగటనా?

…

అన్నా. పాషాభాయ్ ఏమంటాండో ఇన్నవా?

పురుడు పనికి పేర్చిన సీసం అక్షరాలు విప్పి డబ్బాలల్ల పోసుకోమని నువ్వు దసరాకు ముంగటనే రాసినవట. నాతోని అనొద్దని గూడ రాసినవట. … పెద్దలు చూసింది మొన్న అన్నవ్. మరి దసరాకు ముంగట ఎవరు చూసిన్రు? నువ్వే చూసినవ్. నువ్వే తీసినవ్.

… ఆ తర్వాత గూడ నేను నీకు ఫారాలు పంపుతనే ఉన్న. ప్రూఫు చూసినవా అన్నా అని అడుగుతనే ఉన్న. "జర పని ఎక్కువున్నది చెల్లె" అన్నవ్.

…

ఒక్క గీత కొట్టినవ్. తల్లి ఫైలుల ఒక్క గీత. అధ్యాయానికి అధ్యాయం పోయింది. అట్ల పోయేటట్టు అమర్చిచ్చింది గూడ నేనే.

… మొగిలమ్మకు ఏం చెప్పాలె నేను? ములుగు బస్సు దిగి ఆ అడవిల నడుసుకుంట పోతిమి. నువ్వు వాకిట్ల కూసున్నవ్, నేను లోపటికి పోయిన. మగోళ్ళ ముంగట ఆ మాటలు ఎన్నడు అనలేదు బిడ్డా అన్నది. ఊళ్ళకు ఊళ్ళు పురుళ్ళు పోసిన మనిషి. నన్ను నమ్మి చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సుల నువ్వేమన్నవ్? ఈ అధ్యాయమే పుస్తకానికి పానం అన్నవ్. అనలేదా?

… అట్లన్నది నిజమే అంటాన్నవ్గదా. అది సాలు.

…

ముఖపత్రం, ముందుమాట పట్నంలనే ఏపిస్తనంటివి. ముఖపత్రమన్న అచ్చయిందా? … చదువు.

… చదువన్నా. నువ్వు రాసిందేగదా.

"సంకలనం… సారంగపాణి." ఆ. తర్వాత? … తర్వాత ఏమున్నది?

…

సంస్థ పేరా.

…

లోపట ఉన్నదా? లోపటంటే యాడ? … ముందుమాట ఆఖరికి. ఏమని ఉన్నది? చదువు, ఏంగాదు… "ప్రూఫులు దిద్దడంలో… సహకరించిన… శ్రీమతి అనసూయకు కృతజ్ఞతలు."

…

ఎండలల్ల మాటలు ఏరింది ఎవరు? సాలెవాడలల్ల, కుమ్మరి వాములకాడ, లోకోషెడ్డుల తిరిగింది ఎవరు? సగం అధ్యాయాలు నా చేతిరాతనే. … "మళ్ళ అచ్చేసినప్పుడు సరిజేద్దాం" అంటవా? ఇంత పుస్తకం మళ్ళెప్పుడు అచ్చయితది సార్?

… అవును, సార్ అన్న. ఇగ అన్నా అని నోరు తిరుగుతలేదు. మీరు గూడ చెల్లె అనకుండ్రి.

… ఏడుస్తలేను. నిజంగనే ఏడుస్తలేను.

ఆవిష్కరణ సభనా? స్టేజీ మీద కుర్చీ ఏపిస్తరా? వద్దు. … శాలువనా? ప్రూఫులు దిద్దినోళ్ళకు శాలువ ఎందుకు సార్?

ఆ తప్పొప్పుల పట్టిక గూడ నేను రాసియ్య. ఆ 'చూడుము'లు అట్లనే ఉండనియ్యుండ్రి. చదివినోళ్ళు చూస్తరు. ఎతుకుతరు. దొరకకపోతే మిమ్ములనే అడుగుతరు.

— పాషాభాయ్, మరి పురుడు పని అక్షరాలు విప్పిన్రా? … నిజంగనా? … ఎందుకు విప్పలే? … "అనసూయమ్మ నోట ఇననిది విప్పబుద్ధిగాలే." …

… లేదు, లైన్లనే ఉన్న. పాషాభాయ్‌తోని మాట్లాడుతాన్న.

ఇనుండ్రి సార్. పురుడు పని కంపోజు అట్లనే కట్టి ఉన్నదట. నా దస్కత్తు చాలు, సోమవారం మిషినెక్కుతది. … మీ ఇజాజత్, మీ అనుమతి ఎందుకు? అది మీ పుస్తకంల లేదన్నరుగదా. … చిన్న పుస్తకమే. చిన్నదైతే ఏమాయె? అట్ట మీద రెండు పేర్లు ఉంటయి. చెప్పింది మొగిలమ్మ, రాసింది అనసూయ.

… మీ పేరు? ముందుమాట ఆఖరికి గూడ ఉండదు.

రేపు పొద్దుగాల ములుగు పోతాన్న. మొగిలమ్మకు ఉన్నదున్నట్టు చెప్త. పెద్ద పుస్తకంల నువ్వు లేవు అవ్వా, నేను లేను అని—

ఆ? ఎవరు… ఆపరేటరా? … టైం అయిందా? … పొడిగించమంటాండా ఆయన?

వద్దమ్మా. నేను వద్దంటాన్న. కట్ చెయ్యి.