ఓడ ధర పలికిన ఆంప్లిఫయర్

"ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ గ్లాసులో రాకియా సారా ఇప్పటికిప్పుడు మంచినీళ్లైపోవాలి!" అని వుకాదిన్ మేస్త్రీ గ్లాసెత్తి అందరికీ చూపించి, అది నీళ్లయ్యేలోపే గుటుక్కున తాగేశాడు.

నిష్ ఊళ్లో వంతెన పక్కన దేసాంకా నడిపే కఫానా, తిండీ తాగుడూ దొరికే కొట్టు అది. భోజనాల వేళ దాటిపోయింది. మూల బల్ల మీద మేస్త్రీ చేతులతో కట్టిన ఆంప్లిఫయర్, దాని నెత్తిన ఎర్రగా కాగుతున్న నాలుగు గాజు వాల్వులు. ఎదురుగా పళ్ల డాక్టరు స్టానిమిర్, ఒళ్లో ఒక అట్టపెట్టె పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ పెట్టెలో ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు. కిందటి వసంతంలో మోజుపడి జర్మనీ నుంచి తెప్పించుకున్నాడు. ఫోనుకో రేడియోకో తగిలిస్తే అవి పలకవనీ, వందల ఓల్టులిచ్చే ఆంప్లిఫయర్ వేరే కొనాలనీ, దాని ధర వీటినే మించుతుందనీ వచ్చాకగానీ తెలియలేదు. అప్పట్నుంచీ అవి బీరువాలో మూగనోము పట్టాయి. మేస్త్రీ తన ఆంప్లిఫయర్‌కి ఏడు వేల యూరోలు చెప్పాడు. అంత తేవాలంటే కొండ మీది ద్రాక్షతోట అమ్మాలి. ఆ తోటంటే భార్య విదోసావాకు ప్రాణం. ఆవిడ చెవిన ఇంకా వెయ్యలేదు.

"మొదటిది సలోనికాలో ఒక ప్లీడరుకి చేశాను," అన్నాడు మేస్త్రీ. "తొమ్మిది వందలకే ఇచ్చేశా, అప్పుడు నాకు లోకం తెలీదు. వాల్వులంటారా, మన ఊరి రేడియో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు నేలమాళిగలోంచి నేను ఏరి తెచ్చినవి. అలాంటివి ఇప్పుడు భూమ్మీద లేవు. ప్లీడరు పాట పెట్టుకున్నాడు. వయొలిన్ వాయించేవాడి చొక్కా చెయ్యి తీగకి రాసుకోవడం వినిపించిందట!"

"చొక్కా చెయ్యా!" అన్నాడు డాక్టరు.

"నూలో పట్టో కూడా చెప్పాడండీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి మిలాన్ దాకా పాకింది. అక్కడొక ముసలావిడ తొమ్మిది వేలిచ్చి రెండోది పట్టుకుపోయింది. ఎప్పుడో పోయిన గాయని రికార్డు పెట్టుకుంది. ఆ మహాతల్లి పాటకు ముందు ఊపిరి పీల్చింది చూడండి, అందులో ఉల్లిపాయ వాసన!"

"వాసన వినిపించిందా మేస్త్రీ?" అన్నాడు పక్క బల్ల మీది మంగలి టోజా.

"నువ్వు గడ్డాలు గీసుకో, నాయనా. నీ చెవికి కత్తెర చప్పుడు చాలు. డాక్టరు గారూ, ఈ హెడ్‌ఫోన్లో ఉన్న పొర మన ఉల్లిపొరకి ముని మనవరాలు. అంత పల్చన. దాన్ని ఊపడానికి పిడుగు కావాలి, కానీ పిడుగు కోడిపెట్టలా ఒద్దికగా ఉండాలి. ఆ కిటుకు తెలిసినవాణ్ణి ఐరోపాలో నేనొక్కణ్ణే."

డాక్టరు తల ఊపాడు. అతని కళ్లు వాల్వుల మీంచి రావడం లేదు. ఎప్పుడూ వినని చప్పుళ్లన్నీ ఆ నాలుగు గాజుల వెనక పొంచి ఉన్నట్టు అనిపించింది. తోట మొత్తం పోతే పోనీ, ఇల్లుంది కదా అనుకున్నాడు.

"జెనీవాలో బ్యాంకరు ఇంకా గట్టివాడు. రికార్డింగు హాల్లో ఈగ తిరిగిందని పట్టేశాడు. ఏ కిటికీలోంచి పోయిందో కూడా చెప్పాడు. మళ్లీ వాడికి పోటీగా గ్రీకు ఓడల షావుకారొకడు తయారయ్యాడు. వాడి ఓడలోనే బిగించి మీట నొక్కాను. రేవులో దీపాలన్నీ మసకబారాయి, నావికుల గడ్డాలు నిక్కబొడుచుకున్నాయి. షావుకారు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఏం విన్నాడో తెలుసా? పాట ఇంకా మొదలవలేదు. మొదలుపెట్టబోతున్న పాతికమంది లోపల ఏమనుకుంటున్నారో, అది విన్నాడు!"

కఫానా అంతా నోరు తెరిచింది. టోజా కూడా.

"కాళ్ల మీద పడ్డాడండీ. ఓడ తీసుకో మేస్త్రీ అన్నాడు. నాకెందుకయ్యా, మా నిషావా ఏట్లో మోకాల్లోతు నీళ్లు, ఎక్కడ కట్టెయ్యను అన్నాను. అలాంటి సరుకు మీకు ఏడు వేలకి! ఎందుకు? ఊరివాళ్లని."

డాక్టరు ముందుకు వంగాడు. కొనేద్దామనే నోరు తెరిచాడు. కానీ భక్తి ముదిరి, బయటికి వేరే మాటొచ్చింది.

"మేస్త్రీ, మరి మీరు? మీ చెవులతో మీరు ఏం విన్నారు?"

మేస్త్రీ సీసా అందుకోబోయి ఆగాడు. "నేనా... నేను మీటరు పెట్టి చూస్తాను కదండీ. ముల్లు అణువంత అటూ ఇటూ కదలదు."

"అది కాదు. మీ హెడ్‌ఫోన్లు ఏ కంపెనీవి?"

పళ్లేలు తీస్తున్న దేసాంకా అందుకుంది. "ఆయనకెక్కడివి డాక్టరు గారూ! సంతలో కొన్న ఒక జత ఉంది, ఒక వైపే పలుకుతుంది."

టోజా బల్ల చరిచి నవ్వాడు. మేస్త్రీ చెవులు వాల్వులకన్నా ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లూ ఎవరెవరి చెవులకో పెట్టెలు కట్టి పంపాడు. వాళ్లు బాగుంది అంటే చాలనుకున్నాడు. వినే యోగం మాత్రం తనకు పట్టలేదు.

డాక్టరుకు నవ్వు రాలేదు. అట్టపెట్టె విప్పి, హెడ్‌ఫోన్లు తీసి, ఆంప్లిఫయర్‌కి తగిలించాడు. తను తెచ్చుకున్న ప్లేయర్లో పాత పల్లెపాట ఒకటి పెట్టాడు. ఇన్ని నెలలు ఎదురుచూసిన మొదటి పాట. దాన్ని తను వినకుండా, లేచి వెళ్లి మేస్త్రీ తలకు తొడిగాడు.

మేస్త్రీ ఏదో అనబోయాడు. పెదవులు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. పాట అయిపోయినా కదల్లేదు.

"ఏం వినిపించింది మేస్త్రీ? ఈగా?" అన్నాడు టోజా.

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మరి ధర సంగతి..." అన్నాడు డాక్టరు మెల్లిగా.

"ధర దేవుడెరుగు. అది ఇంకోసారి పెట్టండి," అని మేస్త్రీ హెడ్‌ఫోన్లను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఇక ఆయన ఏడు వేలు అడగడనీ, తోట గట్టెక్కిందనీ డాక్టరుకు అప్పుడు అర్థమైంది. హాయిగా కాఫీ చెప్పాడు.

మళ్లీ పాట మొదలైంది. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. ఆయన కబుర్లు ఆగేసరికి కఫానా సద్దుమణిగింది. దేసాంకా గుమ్మంలో నిలబడి, కాసేపు చెవి ఒగ్గి, ఆశ్చర్యపోయింది.

"ఓసి దీని దుంప తెగ! మా ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందా? కఫానా తెరిచినప్పట్నుంచీ ఇదే మొదటిసారి వినడం!"