కాయ కోసిన చేతుల రూలు

"పెద్ద పనేం కాదులే బాపయ్యా. మన హైస్కూలు లైబ్రరీలో ఇంటర్నెట్టు పెట్టినప్పుడు దానికి రూల్సు రాసింది నేనే. అంతే."

బుల్లయ్య మా ఊరి హైస్కూల్లో అటెండరు. సాయంత్రం బుడే నడిపే టీ బంకు బల్ల మీద కూర్చున్నాడంటే ఏదో ఒకటి మొదలెడతాడు. మిరపకాయ కోతనించి వస్తూ జైతున్‌బీ, నేనూ టీకి ఆగి, పక్కగా నిలబడ్డాం.

"నువ్వు రాశావా?" అన్నాడు బాపయ్య.

"మరి? హెడ్మాస్టరు గారు పిలిచి, బుల్లయ్యా, దీంట్లో మంచీ వచ్చిద్ది, చెడ్డా వచ్చిద్ది, పిల్లలు పాడవకుండా ఏం చేద్దాం అన్నారు. నేను కుర్చీలో కూర్చుని..."

"కుర్చీలోనా?" అన్నాడు బుడే.

"కుర్చీలోనేరా. చెప్పులు బయట విడవాలన్నా. సారు పక్కన లేందే కంప్యూటరు పెట్టె తెరవకూడదన్నా. ఆఖర్న, కాయ కోసిన చేతుల్తో మౌసు ముట్టకూడదన్నా. ఎందుకంటావా, ముందురోజు ఎవరో చేలోనించి వచ్చి మౌసు పట్టారు, తర్వాత పట్టినోడు కళ్లు నులుముకున్నాడు, ఇక చూడు ఏడుపు. ఇంత మాట నాకు తట్టలేదే అని ఆయన కళ్లజోడు తీసేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడక్కపోయినా బుల్లయ్య ఆగలేదు.

"రూల్సు గోడకెక్కిన రోజే ఒకడు ఏదో నొక్కాడు, పాడు బొమ్మ రావడం మొదలెట్టింది. మన ఫోను లైనుకి బొమ్మ ఒక్కసారే రాదుగా, పైనించి కొంచెం కొంచెంగా దిగుద్ది. జుట్టొచ్చింది, నుదురొచ్చింది, మెడొచ్చింది. నేను గుమ్మంలో నిలబడి నా రూల్సు గట్టిగా చదివా. మెడ పోయింది, నుదురు పోయింది, జుట్టూ పోయింది. వచ్చిన దారినే వెనక్కెళ్లిపోయింది."

"లైను కట్టయ్యుంటదిలే," అన్నాడు బాపయ్య.

"కట్టయితే ఆగుద్ది గానీ వెనక్కి నడుస్తదా? ఈ సంగతి ఒంగోలు దాకా పాకి, అక్కణ్ణించి హైదరాబాదు, ఢిల్లీ, ఒకరోజు అమెరికానించే ఫోను. బుల్లయ్యగారూ, మా పిల్లలూ పాడైపోతున్నారు, మీ రూల్సు మాక్కూడా కావాలండీ అని. నేను చెప్తుంటే రాసుకున్నారు. ఆ రూల్సు లోపల అంటించడానికి అన్ని దేశాల ఇంటర్నెట్టూ ఒక పూట ఆపేశారు. అక్కడ మిరప చేలే లేవు, అయినా పిల్లలు గుమ్మంలో చేతులు వాసన చూపించి లోపలికెళ్తున్నారంట."

"తెలుగులోనే చెప్పావా?" టీ వడకడుతూ అడిగాడు బుడే.

"ఘాటుకి భాషేముందిరా?" అన్నాడు బుల్లయ్య, ఎంతో నిదానంగా.

జైతున్‌బీ చేతులు కొంగులో దాచుకుని వింటోంది. "బుల్లయ్యన్నా, ఆ కాయ కోసిన చేతుల రూలు నీదేనా?"

"నాదేనమ్మా."

"అయితే కొట్టెయ్యి."

జైతున్‌బీ ఒక అడుగు ముందుకొచ్చింది.

"మా అమ్మాయి కౌసర్‌కి పాలిటెక్నిక్ పరీక్ష దగ్గర పడింది. పాత ప్రశ్నపత్రాలు ఆ పెట్టెలో ఉన్నయ్యంట, సారు చూపిస్తున్నారంట. పొద్దున్నే అది నాతో కాయ కోస్తేనే ఇల్లు గడిచిద్ది. సబ్బు పెట్టి కడిగింది, మజ్జిగతో కడిగింది, కొబ్బరినూనె రాసింది. ఘాటు పోదు. గుమ్మంలో చేతులు వాసన చూసి వెనక్కి పంపింది నువ్వే. ఇక పరీక్షే రాయనంటంది."

బుల్లయ్య గ్లాసులోకి చూశాడు. "రాసింది హెడ్మాస్టరు గారమ్మా. నేను మైదా ఉడికించి ఆ కాయితం గోడకి అంటించా, అంతే."

"మరి ఆయనకి చెప్పు."

"ఆయన ముందు నేనెప్పుడు నోరిప్పాను?"

"అమెరికా దాకా వెళ్లిన మాట హెడ్మాస్టరు గారి గుమ్మం దాకా వెళ్లదా అన్నా?"

బాపయ్య తలొంచుకుని తుండు సర్దుకున్నాడు. బుల్లయ్య సగం టీ అలాగే వదిలేసి లేచాడు. ఆయన ఇల్లు చెరువు వైపు. హెడ్మాస్టరు గారిది బడి వెనక. కాసేపు రోడ్డు మీద నిలబడి, బడి వైపు నడిచాడు. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగాడు.

"చేతికి గుడ్డ చుట్టుకుంటే మౌసుకి ఘాటు అంటుకోదుగా? ఆ మాట చెప్తా. కానీ ఎట్టా మొదలెట్టేది జైతున్‌బీ?"

"అమెరికావాళ్లకి ఎట్టా చెప్పావో అట్టాగే," అంది జైతున్‌బీ.