హెల్మెట్టులో గుడ్డు

కోడి గుడ్డు పెడితే అదీ నా తప్పేనా అండీ? బావుంది! పెట్టమని నేను చెప్పేనా? కోడన్నాక మెత్తగా ఎక్కడుంటే అక్కడ పెడుతుంది. మీ నేవీ హెల్మెట్టులో అంత మెత్తటి దిండు కుట్టించింది మేమా?

కూర్చోండి, కూర్చోండి. బూట్లు అరుగుమీద విప్పేసి లోపలికొచ్చేరు, అదీ మర్యాదంటే. ఆ కుర్చీ వద్దండి, దానికి ఒక కాలు మాట వినదు. ఇందులో కూర్చోండి. విశాఖపట్నం నించి జీపులోనా? నడుం పట్టేసుంటుంది. బేబీ! సారుకి బొండం కొట్టవే! మా ఆవిడండి, బేబి. యాభై రెండో ఏడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ముద్దుగా పిలిచేడు, అదే ఖాయమైపోయింది.

ఆయ్, రామ్మూర్తిని నేనేనండి. మీ హెలికాప్టరు దిగింది నా చేలోనే. రాసుకోండి. అబద్ధం చెప్పాల్సిన పని నాకేంటండీ?

ఆ ఆదివారం సముద్రం అడుగున భూమి కంపించి, తాటిచెట్టంత అలలొచ్చి ఊళ్ళు కొట్టుకుపోయేయని టీవీలో చూస్తూనే ఉన్నాం కదండీ. మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి నేను చేనుగట్టుమీద నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. దడదడా చప్పుడు! తలెత్తేసరికి హెలికాప్టరు నెత్తిమీదకే దిగిపోతోంది. వేపపుల్ల మింగినంత పని చేసేను.

నా మినప మొలకలు పోయేయి. అదేం నేను అడగట్లేదు లెండి. పక్కన కామరాజు గడ్డిమేటు మొత్తం లేచి, వాళ్ళ డాబామీదే పడింది. మోసే పని తప్పిందని వాడు సంతోషించేడు.

ముగ్గురు దిగేరు. ఇద్దరు నడిపేవాళ్ళు, ఒకడు మెకానిక్. పెద్ద పైలట్ బాబు ఉన్నాడే, తెల్లగా, బక్కగా, ఆయన నాతో హిందీలో మాట్లాడేడు. నేను మస్కట్‌లో నాలుగేళ్ళు చేసేను కదండీ, హిందీ దంచేస్తాను. ఏదో ఎర్రదీపం వెలిగిందట, అందుకు దిగేరట. పెట్టెల నిండా మందులట. సముద్రంలో ఓడ వీటికోసమే ఆగి ఉందట, ఇవి అందగానే అండమాన్ వెళ్ళిపోవాలట.

మెకానిక్ ఏదో విప్పేడు, ఊదేడు, బిగించేడు. ఇరవై నిమిషాలు! "అంతేనా?" అన్నాను. "అంతే, వెళ్తాం" అన్నారు.

వెళ్తారా? మీరే చెప్పండి సార్, ఆకాశం నించి దిగిన మనిషిని గుక్కెడు నీళ్ళు తాగించి పంపేస్తే, రేపు ఐనవిల్లి వినాయకుడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? బేబి అప్పటికే ఎసరు పెట్టేసింది. "డ్యూటీ, మాతాజీ, డ్యూటీ" అంటాడా పైలట్ అబ్బాయి. "డ్యూటీకి కడుపుండదేంటి బాబూ?" అంటుంది ఇది. దానికి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు, ఇద్దరూ చక్కగా పోట్లాడుకున్నారు.

ఈలోగా ఆయన బోరింగు దగ్గర మొహం కడుక్కుందామని హెల్మెట్టు తీసి అరుగుమీద పెట్టేడు. కడుక్కుని వచ్చేసరికి లేదు.

లేదంటే లేదండి! ఊరు ఊరంతా వెతికేరు. ఎదురింటి పైడమ్మగారైతే వాళ్ళింట్లో అటకమీద కూడా వెతికించింది. అక్కడికెలా వెళ్తుందని ఎవరూ అడగలేదు. నేనూ వెతికేను. అందరికంటే గట్టిగా నేనే వెతికేను, కావాలంటే అడగండి.

మరి ఎలాగూ వెతుకుతున్నారు కదా, ఈలోపు రెండు ముద్దలు తినండి అని బేబి ఆకులు వేసేసింది. ముద్దపప్పు, పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, గుమ్మడికాయ పులుసు. మెకానిక్ బాబు మూడుసార్లు పులుసు పోయించుకున్నాడు. అది రాసుకోకండి.

కోడికూర కూడా అనుకున్నామండి. తీరా చూస్తే కూరకనుకున్న పెట్ట కనిపించలేదు! ఒకపక్క మీవాళ్ళు హెల్మెట్టు వెతుకుతున్నారు, ఇంకోపక్క బేబి పెట్టని వెతుకుతోంది. రెండూ ఒక్కచోటే దొరికేయి. కోళ్ళగూట్లో. పైలట్ బాబు చెయ్యి పెడితే అది పొడిచింది కూడాను. ఆయన కంగారులో అడుగున ఏముందో చూసుకోకుండా నెత్తిన పెట్టేసుకున్నాడు. ఆ మరకేనండి మీరు ఫొటో తీసింది. గుడ్డు ఒకటేనా అంటే... ఒకటే. అంత పెద్ద మరకంటే పెద్ద గుడ్డు అయ్యుండాలి.

గూట్లోకి ఎలా వెళ్ళిందా? కుక్క లాక్కెళ్ళుంటుందండి. ఊరకుక్కలకేం కొదవ.

ఏంటీ, గూటికి బయట గొళ్ళెం పెట్టుందని మెకానిక్ బాబు రాసిచ్చేడా? కుక్క గొళ్ళెం పెట్టదా? ... అదీ నిజమేలెండి.

బొండం తాగండి సార్. లేతది.

ఆఁ? మళ్ళీ చెప్పండి. ఇంకోటి ఎవరు రాసిచ్చేరు? ఆ పైలట్ అబ్బాయా? హెల్మెట్టు తనే ఎక్కడో పెట్టి మర్చిపోయేనని సంతకం పెట్టేడా? కోళ్ళగూట్లో ఎవరైనా మర్చిపోతారా అండీ!

దానికి ఆయన్ని ఏం చేస్తారు? కొన్నాళ్ళు గాల్లోకి ఎగరనివ్వరా? ప్రమోషనూ ఆపేస్తారా?

రామ రామ. ఉండండి. రాసింది కొట్టెయ్యండి. కుక్క లేదు, ఏం లేదు. నేనే దాచేను సార్. ఈ రెండు చేతుల్తో నేనే పెట్టి, నేనే గొళ్ళెం వేసేను. కోడి ముందే లోపలుందని చూసుకోలేదంతే.

అలా చూడకండి. మా వైపు ఇది మామూలేనండి. చుట్టం వెళ్ళిపోతానంటే చెప్పులో, సంచో దాచేస్తాం. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నా చెప్పులు బియ్యం డబ్బాలో దాచేసి మూడ్రోజులు ఉంచేసేరు. నాలుగోనాడు ఉత్తకాళ్ళతో కొత్తపేట బస్సెక్కేను. అది ప్రేమండి. హెల్మెట్టు కూడా చెప్పుల్లాంటిదే అనుకున్నాను. అది లేకపోతే హెలికాప్టరే లేవదని, లోపల ఫోనుందని నాకేం తెలుసు? ఓ పావుగంటలో తీసిచ్చేద్దామనుకున్నాను. కానీ ఆ అబ్బాయి ఆకలిమీద తింటూంటే లేపబుద్ధి కాలేదు. ఆ పావుగంట గంటన్నరైంది.

ఒక్కటడుగుతాను, దాచకుండా చెప్పండి. పది రోజులైంది నాకు ముద్ద దిగక. ఆ మందులు వేళకి అందేయా? ఆ గంటన్నరలో అక్కడ ఎవరికైనా...

అందేయా! ఓడ జోరు పెంచి ముందే చేరిపోయిందా! అమ్మయ్య. బేబీ, విన్నావా, అందేయట! ... ఏం లేదండి, కళ్ళలో ఏదో పడింది.

ఎందుకంత పట్టుదలంటారా? తొంభైయారు తుఫాను మీకు తెలుసుగా. మా ఇల్లు పోయింది, కొబ్బరితోట మొత్తం పడుకుంది. రెండ్రోజులు స్కూలు డాబామీద వానలో కూర్చున్నాం. మూడోనాడు ఇలాంటి హెలికాప్టరే ఒకటొచ్చి పొట్లాలు విసిరింది. పులిహోర. పైనించి ఒక చెయ్యి మాత్రం కనిపించిందండి. మొహం కనపడలేదు. ఆ చెయ్యి పొట్లం వదిలి, ఇంకోటి తీసి, వదిలి... అలాగే వెళ్ళిపోయింది.

ఇదిగో, ఈ బేబి ఏం చేసిందో తెలుసా? పొట్లం చేత్తో పట్టుకుని, పైకి చూసి, "బాబూ, నువ్వు తిన్నావా? భోంచేసి వెళ్ళు!" అని గొంతు చించుకుని అరిచింది. మాకు మంచినీళ్ళకే దిక్కులేదు, దీని పిలుపులు! డాబామీద అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. అది నవ్వలేదు. ఎనిమిదేళ్ళు ఆకాశంలో ఏది చప్పుడు చేసినా ఇది వాకిట్లోకి వచ్చి చూసేది. చివరికి ఒకటి దిగిందండి, మా చేలోనే. పస్తుతో పంపమంటారా?

రాసుకోండి. రామ్మూర్తి దాచేడు, పైలట్ బాబు తప్పేం లేదు. ఎక్కడ సంతకం? వేలిముద్ర కూడా వేస్తాను. నన్నేం చేసుకున్నా చేసుకోండి, ఆ అబ్బాయిని ఎగరనివ్వండి.

వెళ్తారా? అప్పుడేనా? సరే మీ ఇష్టం, పెద్ద ఆఫీసరుగారు, బలవంతపెట్టను. ఈసారికి బుద్ధొచ్చింది నాకు.

ఏంటండీ? బూట్లా? అరుగుమీదే కదా విప్పేరు? రెండూ లేవా?

బేబీ! ... బేబీ!

నేను మీ ఎదురుగుండానే ఉన్నాను సార్, కుర్చీలోంచి లేస్తే ఒట్టు. ఇది మాత్రం నేను కాదు.

ఇదిగో, ఆకు వేసేసింది. కూర్చోండి మరి. బూట్లెక్కడికీ పోవు. గొళ్ళెం పెట్టే ఉంటుంది లెండి.