తొమ్మిదో నంబరు మంచం

ఏ వార్డులో వేశారన్నావ్ నిన్ను? కొండవైపుదా? అబ్బో. కూర్చో, చెప్తా. ఇప్పుడంటే రంగులేసి ఏదో పేరు పెట్టారుగానీ, మా రోజుల్లో అది తెల్లవాళ్ల వార్డు. నేనక్కడ ఇరవై రెండేళ్లు ట్రాలీ తోశాను. రోగుల్ని తోశా, శవాల్ని తోశా, ఆ మేట్రనమ్మ పూలకుండీలు కూడా తోశాననుకో. అక్కడే నోసిజ్వే అని నర్సుండేది. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయింది. పొట్టి మనిషి. ఎంత నెమ్మదిగా మాట్లాడినా వరండా చివరిదాకా వినపడేది. ఆ గొంతంటే నాకిప్పటికీ భయమే, నవ్వకు.

ఆ ఏడు చలికాలం ఘోరంగా ఉంది. మన నల్లవాళ్ల వార్డులో మంచానికిద్దరు, మంచం కింద ఇంకొకరు. మా నోమలిజో, నాలుగేళ్లది, నెమ్ము చేసి అలా మంచం కిందే పడుంది, సిమెంటు నేలమీద చాపేసుకుని. నేను కొండవైపు వెళ్తే అక్కడ పద్నాలుగు మంచాలు ఖాళీ. ఖాళీ అయినా రోజూ దుప్పట్లు మార్చాలి, కూజాల్లో నీళ్లు నింపాలి. ఎవరికి? ఎవరికీ కాదు, అదీ రూలు. మన నర్సులకి సంఘం ఉండేది, చర్చిలో పాటల ప్రాక్టీసని చెప్పి కలుసుకునేవాళ్లు. సమ్మె చేస్తే జైలు. ప్రిటోరియాలో తెల్ల సర్కారుకి అర్జీలు పెడితే జవాబు లేదు. సమ్మె వద్దు, డ్యూటీయే చేద్దాం, పూర్తిగా చేద్దాం అందట నోసిజ్వే. పొద్దున్నే ఏడింటికి డ్యూటీ అప్పజెప్పడం నీకు తెలిసిందేగా, మంచం నంబరు, పేరు, జ్వరం ఎంత అని. మంచంలో ఎవరూ లేకపోతే ఖాళీ అని చెప్పాలి. ఆ సోమవారం ఆమె ఖాళీ అనలేదు. మన వార్డులో నేలమీద పోయినవాళ్ల పేర్లు చదివింది. "మూడు, ఎంబులేలో, తాపీమేస్త్రీ, పోయిన గురువారం. తొమ్మిది, ముసలమ్మ నోన్‌జామే, నిన్న పోయింది, నీళ్లడిగింది." అలా పద్నాలుగు మంచాలకీ. మేట్రన్ ఫెరేరా మొహం ఎర్రబడి, ఖాళీ అను అంది. అనలేదు. పక్క నర్సుని అనమంది, ఆమె కూడా అనలేదు. సంఘంలో ముప్పై రెండు మందమ్మా, సెలవులు రద్దు చేశారు, క్వార్టర్లు ఖాళీ చేయిస్తామన్నారు, ఒక్కదాని నోటా ఆ మాట రాలేదు.

ఇదంతా సరే. నాలుగోరోజు నుంచీ మొదలైంది అసలుది. ఎనిమిదో నంబరులో మిసెస్ రూ అని తెల్లావిడ, తుంటి విరిగి చేరింది. బ్రహ్మచెముడు, చెవిలో అరిచినా వినపడదు. ఆవిడ మేట్రన్‌ని పిలిచి, పక్కమంచం ముసల్ది పొద్దస్తమానం నీళ్లు నీళ్లంటోంది, కాసిని పొయ్యండి అంది. నేనక్కడే ఉన్నా. తొమ్మిదో నంబరు కూజా చూశా. సగానికి దిగింది. ఏవిటీ, నర్సులు తాగుంటారంటావా? అనుకో. నేనూ అలాగే అనుకుందామని చూశా. ఆ సాయంత్రం నోసిజ్వే కాళ్లావేళ్లా పడ్డాను, మా పిల్ల పేరు కూడా చదవమ్మా, మంచమిస్తారేమో అని. "అన్నా, నేను పోయినవాళ్ల పేర్లు చదువుతున్నా. బతికున్న పిల్లని ఆ వరసలో కలపమంటావా?" అంది. తెల్లారేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఏడింటికి నేను ట్రాలీతో కొండవైపు గుమ్మంలో నించున్నా. ఆమె చదువుకుంటూ తొమ్మిది దగ్గర ఆగింది. మంచం వైపు చూసి తలూపింది, ఎవరో ఏదో అడిగితే సరేనన్నట్టు. "తొమ్మిది. ముసలమ్మ నోన్‌జామే లేచింది. నోమలిజో, నాలుగేళ్లు, బతికే ఉంది, ఊపిరందట్లేదు." మేట్రన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. మిసెస్ రూ వంక చూసింది, మంచం వంక చూసింది. తీసుకురండి అని గొణిగింది, అంతే.

పిల్ల బతికింది. నోసిజ్వేని నెలాఖరుకి తీసేశారు, నర్సుల రిజిస్టర్లో పేరు కొట్టేశారు. ఎక్కడా పని దొరకలేదు, మూడేళ్లకి పోయింది పాపం. దానికి నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆ పొద్దున పిల్లని ఎత్తుకొచ్చి, దుప్పటి తొలగించి, పరుపుమీద చెయ్యి పెట్టి చూశా, ఆ చలికి పక్క మంచులా ఉంటుందేమోనని. వెచ్చగా ఉందమ్మా. మధ్యలో, మనిషి పడుకునేంత మేర. ఎవరో ఆ నిమిషమే లేచి చోటిచ్చినట్టు...

టీ తాగు. చల్లారిపోతోంది.